బావగారి బండి, 1,600 కిలోల ట్రైలర్: గేర్ ఆయిల్ మార్చాలా, వదిలేయాలా?

ఈ వారం ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఎనిమిది నెలల కిందట ఆయన అక్కగారి భర్త, తొమ్మిదేళ్ళుగా వాడుతున్న తన ఆటోమేటిక్ ఎస్‌యూవీని ఈయనకు ఇచ్చారు. మీటరు మీద 1,38,000 కిలోమీటర్లు. బయట అమ్మితే వచ్చేదానికంటే బాగా తక్కువకే, "ఒక్కరోజు కూడా నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు" అని చెప్పి మరీ ఇచ్చారు. ఈ పాఠకుడిది వడ్రంగం. ఇప్పుడు ఊరు మారుతున్నారు. రంపం మిషను, చిత్రిక పట్టే మిషను, లేత్ వేరేవాళ్ళ చేతికి అప్పగించడం ఇష్టం లేక, బ్రేకులున్న సొంత ట్రైలర్‌లో వేసుకుని, దాన్ని ఈ బండికి తగిలించి 1,100 కిలోమీటర్లు వెళ్దామనుకుంటున్నారు. లోడుతో కలిపి ట్రైలర్ 1,600 కిలోలు. దారి మధ్యలో నలభై కిలోమీటర్ల కొండ ఎక్కుడు. బండిలో ఆయనతో పాటు భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు. బయల్దేరడానికి మూడు వారాలే ఉంది.

బండిలో ఆయన గమనించినవి రెండు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు డ్రైవ్‌లో వేస్తే ఒక సెకను ఆగి, చిన్న కుదుపుతో కదులుతోంది. 60, 70 వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తున్నప్పుడు, గరుకు రోడ్డు ఎక్కినట్టు రెండు మూడు సెకన్లు వణుకుతోంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ఇది సీల్డ్ గేర్‌బాక్స్, ఆయిల్ జీవితకాలం వస్తుంది, ముట్టుకోనక్కర్లేదు" అన్నారు. ఇంటి దగ్గరి మెకానిక్ "మిషను పెట్టి మొత్తం ఫ్లష్ చేసేద్దాం" అన్నాడు. ముప్పై ఏళ్ళు లారీలు నడిపిన బావగారు "నడుస్తున్నదాన్ని కెలకొద్దు" అన్నారు. ఆయన స్నేహితుడి కారుకు ఆయిల్ మార్చిన వారానికే గేర్‌బాక్స్ పోయిందట. భార్య ఈ గొడవంతా వద్దు, లారీ మాట్లాడదాం అంటున్నారు. ఉత్తరం చివర ఆయన రాసింది ఇది: "ఎవరి మాట వినాలో తెలియడం లేదు. గేర్ ఆయిల్ ఎప్పుడైనా మార్పించారా అని బావగారిని అడగడానికి కూడా మొహమాటంగా ఉంది. అడిగితే ఆయన ఇచ్చిన బండిని శంకించినట్టు అవుతుందేమో."

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. నలుగురు నాలుగు మాటలు చెప్పారని మీరు కంగారు పడుతున్నారు గానీ, వాళ్ళలో ఎవరూ మీ చెడు కోరి మాట్లాడలేదు. ఒక్కొక్కరు తమ కళ్ళ ముందున్న బండి గురించి చెప్పారు. సర్వీస్ సెంటర్ వాళ్ళు వారంటీలో ఉన్న కొత్త బండి గురించి, మెకానిక్ తన షెడ్డులో ఉన్న మిషను గురించి, బావగారు తన లారీల గురించి, మీ శ్రీమతి వెనక సీట్లో పిల్లలు కూర్చున్న బండి గురించి. మీ గేర్‌బాక్స్ లోపల ఈరోజు ఎలా ఉందో మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు. చూడకుండా మార్చాలా వద్దా అని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. చూడటానికి దారి ఉంది, అది ఒక పూట పని. దాని దగ్గరికి వస్తాను.

ముందు బావగారి మాట. ఆయన నడిపినవి చేత్తో గేర్లు మార్చే లారీలు. వాటిలో గేర్ ఆయిల్ పళ్ళచక్రాలు అరగకుండా చూస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ఇంజిన్ బలాన్ని పట్టి వదిలే క్లచ్ విడిగా, పొడిగా ఉంటుంది. అలాంటి బండిలో నడుస్తున్నదాన్ని కెలకొద్దు అనే మాట చాలామందిని కాపాడింది, నేనూ ఒప్పుకుంటాను. ఆటోమేటిక్ సంగతి వేరు. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో బలాన్ని ఇటు నుంచి అటు మోసేది ఆయిలే. గేర్లు మార్చే క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, దాని ప్రెషర్‌తోనే బిగుసుకుంటాయి, దానితోనే చల్లబడతాయి. ప్లేటు ఎంత మెత్తగా పట్టాలి, ఎప్పుడు జారడం మానాలి అన్నది కూడా ఆయిల్‌లో కలిపిన మందుల మీదే ఆధారపడి ఉంటుంది. పెద్ద ఎత్తున తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ హైడ్రామాటిక్ 1939లో వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం, ఈ పట్టు కుదుపు లేకుండా రావడానికి ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక రసాయనాలతో ఆ గుణం తెచ్చుకోవాల్సి వచ్చింది. అంత జాగ్రత్తగా కుదిర్చిన ఆయిల్ అది. వేడికి దాని గుణం చస్తుంది. తొమ్మిదేళ్ళు వాడిన ఆయిల్ అడుగున రాయిలా కదలకుండా కూర్చుంటుందని అనుకోవద్దు.

జీవితకాలం అన్న మాటకు వస్తే, ఎవరి జీవితకాలం అని అడగాలి. ఎన్నో కంపెనీల కార్లకు గేర్‌బాక్స్‌లు తయారుచేసి ఇచ్చే జెడ్‌ఎఫ్ సంస్థ, తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే మహా అయితే ఎనిమిదేళ్ళకు ఆయిల్ మార్చమంటుంది. అవే గేర్‌బాక్స్‌లు బిగించుకున్న కొన్ని కార్ల కంపెనీలేమో జీవితకాలం అంటాయి. మీ బండిలో ఉన్నది వాళ్ళదే అని నేను అనడం లేదు. చేసినవాళ్ళ లెక్క ఎలా ఉంటుందో తెలియడానికి చెప్పాను. మీ బండి మాన్యువల్ తీసి చూడండి. మామూలు వాడకానికి ఒక పట్టిక, కఠిన వాడకానికి ఇంకో పట్టిక ఉంటాయి. ట్రైలర్ లాగడం దాదాపు ప్రతి మాన్యువల్‌లోనూ రెండోదాని కిందికే వస్తుంది. సర్వీస్ సెంటర్‌లో మీరు "ఆయిల్ మార్చాలా" అని అడిగారు. "1,600 కిలోలు లాగబోతున్నాను, మీ పట్టిక ప్రకారం మార్చాలా" అని అడిగి ఉంటే వేరే జవాబు వచ్చేదేమో. మరోసారి వెళ్ళి అలాగే అడగండి.

ఇక బావగారి స్నేహితుడి కారు. ఆయిల్ మార్చిన వారానికే గేర్‌బాక్స్ పోయిందన్న కథ నేను చాలాసార్లు విన్నాను, కొన్ని నా చేతుల మీదే విప్పాను. అందులో నిజం ఉంది. అయితే అలాంటి బండ్లలో చాలావాటికి ఆయిల్ ఎందుకు మార్పించారంటే, అవి అప్పటికే జారుతున్నాయి కాబట్టి. క్లచ్ ప్లేట్ల మీది పూత అరిగిపోయి, ఆ పొడి ఆయిల్‌లో కలిసి గరుకుదనం ఇస్తూ ఉంటుంది. ఆ ఆయిల్ తీసేసి శుభ్రమైనది పోస్తే, ఆ కాస్త పట్టు కూడా పోతుంది. దానికి తోడు కొత్త ఆయిల్‌కు కడిగే గుణం ఉంటుంది. ఏళ్ళ తరబడి మూలల్లో పేరుకున్న మడ్డి ఒక్కసారిగా కదిలి ఆయిల్‌ను ఏ క్లచ్‌కు ఎప్పుడు పంపాలో చూసే వాల్వ్ బాడీ సన్నటి దారుల్లో అడ్డం పడొచ్చు. అంటే బావగారి భయానికి ఆధారం ఉంది. అది మీ బండికి వర్తిస్తుందా లేదా అన్నది లోపలి ప్లేట్లు ఎంత మిగిలాయో దాన్ని బట్టి ఉంటుంది.

మీరు చెప్పిన రెండు లక్షణాలు నాకు కొంత ధైర్యం ఇస్తున్నాయి, కొంత ఆలోచింపజేస్తున్నాయి. 60, 70 వేగంలో తేలిక కాలుతో వచ్చే వణుకు ఎక్కువగా టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్‌ది అయి ఉంటుంది; నిలకడ వేగంలో ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా బిగించి పట్టేది అది. ఆయిల్‌లో మందుల బలం తగ్గితే ఆ క్లచ్ నున్నగా పట్టుకోలేక పట్టీ వదిలీ, పట్టీ వదిలీ వణికిస్తుంది. తొలిదశలో ఉంటే కొత్త ఆయిల్‌తోనే చాలా బండ్లలో తగ్గిపోతుంది. ఇంజిన్ మిస్‌ఫైర్, అంటే ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం, కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, కాబట్టి తేడా తెలుసుకోవాలి. ఖాళీ రోడ్డు మీద, ట్రైలర్ లేకుండా, వెనక బండ్లేవీ లేనప్పుడు మీ మెకానిక్‌ను నడపమనండి. వణుకు మొదలవగానే యాక్సిలరేటర్ అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రం తాకాలి. బ్రేక్ స్విచ్ కదలగానే లాకప్ వదిలేస్తుంది. వణుకు తక్షణం ఆగితే కన్వర్టర్‌ది, ఆగకపోతే ముందు ఇంజిన్ వైపు చూడాలి. పొద్దుటి ఒక సెకను ఆలస్యం ఆయిల్ లెవెల్ తక్కువై రావొచ్చు, లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడి రావొచ్చు. బండి వేడెక్కాక కూడా ఆలస్యం ఉందా, ఇంజిన్ వేగం పెరిగినా బండి ముందుకు పోకుండా జారుతోందా అన్నది మీరు రాయలేదు. ఆ రెండూ ఉంటే నా మాట మారుతుంది.

చూడటానికి దారి ఉందన్నాను కదా. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ పాన్ ఉంటుంది. దాన్ని విప్పడం ఆయిల్ మార్చడంలో భాగమే, అదే సమయంలో పరీక్ష కూడా. మెకానిక్ పాన్ దించేటప్పుడు మీరు పక్కనే ఉండండి. పాన్ లోపల రెండు మూడు చిన్న అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద బూడిదరంగు మెత్తటి పేస్టు, వేలితో రాస్తే కాటుకలా సాగేది ఉంటే కంగారు పడొద్దు, ఇన్ని కిలోమీటర్లకు అది మామూలే. ఆ పేస్టులో గోరుకు తగిలే ముక్కలు, సన్నటి సూదుల్లాంటి రజను, మెరిసే రేకులు ఉంటే లోపల ఉక్కు భాగాలు అరిగిపోతున్నాయన్నమాట. పాన్ అడుగున పసుపచ్చగా ఇత్తడిలా మెరిసే పొడి ఉంటే బుషింగులో వాషర్లో అరిగాయి. అది అయస్కాంతానికి అంటదు, అందుకని పాన్ వాలుగా పెట్టి వెలుతురులో చూడాలి. నల్లటి పలుకులు గుప్పెడు వస్తే క్లచ్ ప్లేట్ల పూత రాలుతోంది. ఆయిల్ రంగు ఒక్కటే చూసి భయపడక్కర్లేదు. కొన్ని ఆయిల్స్ తొందరగానే గోధుమరంగుకు వస్తాయి, కొన్ని కొత్తవే ఆకుపచ్చగా ఉంటాయి. వాసన చూడండి. మాడిన వాసన ఘాటుగా వస్తే అది నిజం చెప్తుంది. పాలు కలిపినట్టు గులాబీరంగులో చిక్కగా కనిపిస్తే రేడియేటర్ లోపల కూలెంట్ నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నాయి. అది కనిపించాక ఆ బండి ట్రైలర్ కాదు కదా, మామూలుగా కూడా తిరగకూడదు. నీటికి ప్లేట్ల పూత అతికించిన జిగురే ఊడిపోతుంది.

దీనికి ముందు ఒక చిన్న విషయం, ఎంత చెప్పినా కొందరు మరిచిపోతారు. ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్, లేని గేర్‌బాక్స్ (సీల్డ్ అనేది దీన్నే) అయితే ఆయిల్ దించకముందే పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూడమనండి. తొమ్మిదేళ్ళుగా కదలని ప్లగ్ బిగుసుకుపోయి ఉంటే, ఆయిల్ అంతా దించేశాక పోయడానికి దారి లేక బండి అక్కడే ఆగిపోతుంది. బయటికొచ్చిన ఆయిల్‌ను కొలపాత్రలో కొలిపించండి. రావలసినదానికంటే లీటరు తక్కువ వస్తే, మీ పొద్దుటి ఆలస్యానికి కారణం అక్కడే దొరికినట్టు.

ఇప్పుడు మీ ముందున్న దారులు, ఒక్కోదానితో వచ్చేవి.

ఏమీ ముట్టుకోకుండా వెళ్ళొచ్చు. ఖాళీ బండికి అది ఇంకో ఏడాది నడవొచ్చు కూడా. మీరు మాత్రం ఇప్పటికే వణుకు చూపిస్తున్న లాకప్ క్లచ్‌తో నలభై కిలోమీటర్ల ఎక్కుడు ఎక్కించబోతున్నారు. ఎక్కుడులో లోడు పెరిగితే లాకప్ వదిలేస్తుంది, కన్వర్టర్ లోపల ఆయిల్ ఆయిల్‌నే చిలుకుతుంది, ఆ చిలుకుడంతా వేడిగా మారుతుంది. ఆ దారిని నేను ఎంచుకోను.

రెండోది పాన్ విప్పి, ఫిల్టర్, గాస్కెట్ మార్చి, ఆయిల్ దించి పోయడం. దీనితో ఆయిల్ అంతా మారదు, మీ మెకానిక్ మొత్తం ఫ్లష్ చేద్దామన్నది అందుకే కావొచ్చు. మొత్తం తొమ్మిది లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో పాన్ నుంచి నాలుగే దిగాయనుకుందాం. మిగతా ఐదూ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతాయి. అంటే ఒకసారి మారిస్తే 44 శాతం కొత్తది. ఓ 300 కిలోమీటర్లు తిప్పి మళ్ళీ దించి పోస్తే 69 శాతం. మూడోసారికి 83. ఇలా విడతలుగా మారిస్తే మడ్డి ఒక్కసారిగా కదలదు, ప్రతి విడతలోనూ బయటికొచ్చిన ఆయిల్ చూసి ముందుకు వెళ్ళాలా ఆగాలా అని అనుకోవచ్చు. మీ మూడు వారాల్లో రెండు విడతలు సులువుగా పడతాయి. మీ బండిలాంటి చరిత్ర తెలియని గేర్‌బాక్స్‌కు నా మొగ్గు ఇటే.

మూడోది మిషనుతో ఫ్లష్. కూలర్ గొట్టాలకు మిషను తగిలించి పాతది బయటికి, కొత్తది లోపలికి పంపిస్తారు. ఒకే పూటలో దాదాపు అంతా మారిపోతుంది. క్రమం తప్పకుండా ఆయిల్ మారుతూ వచ్చిన బండికి ఇది మంచి పద్ధతే. మొదటిసారి 1,38,000 దగ్గర, పాన్ విప్పి చూడకుండా, ఫిల్టర్ మార్చకుండా చేయిస్తే మాత్రం బావగారి స్నేహితుడి కథకు దగ్గరగా వెళ్తున్నట్టే. చేయించేటట్టయితే పాన్ విప్పి అయస్కాంతాలు చూశాకే. వణుకు తగ్గించే సీసా ఒకటి పోస్తానని ఎవరైనా అంటే ఒద్దనండి. ప్రయాణానికి ముందు మీకు కావలసింది జబ్బు తెలియడం, సీసా దాన్ని కొన్నాళ్ళు కప్పెడుతుంది.

నాలుగోది మీ శ్రీమతి చెప్పింది. అయస్కాంతం మీద ముక్కలు కనిపించినా, వేడి మీద జారుతున్నా, పాలరంగు ఆయిల్ వచ్చినా ఆ మాటే వినాలి, వాదన లేదు. మిషన్లు వేరే బండిలో వెళ్తాయి, మీరు ఆ బండి వెనకే ఉండి దింపించుకుంటారు. అన్నీ బాగున్నా, మధ్యేమార్గంగా లేత్, రంపం మిషను లాంటి బరువైనవి లారీకి ఇచ్చి, మిగతావి ట్రైలర్‌లో వేసుకోవడం కూడా ఉంది. 1,600 కిలోలు 900కు దిగితే అదే గేర్‌బాక్స్‌కు అదే కొండ వేరేగా ఉంటుంది.

ఆయిల్ ఏ రకం అన్నది ఒకటే మాట: మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్, అంతే. అన్ని బండ్లకూ సరిపోతుందని డబ్బా మీద రాసున్నది వద్దు. మీది మామూలు ఆటోమేటిక్ అని మీ వర్ణనను బట్టి అనుకుంటున్నాను. సీవీటీ (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకం) అయినా, రెండు క్లచ్‌ల రకం అయినా ఆయిల్ వేరు, లాగగల బరువూ వేరు. మాన్యువల్‌లో ఒకసారి నిర్ధారించుకోండి.

లెవెల్ చూడటం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మంచి ఆయిల్ పోసి లెవెల్ తప్పి పాడైనవి చూశాను. సీల్డ్ గేర్‌బాక్స్‌లో లెవెల్ చూసేది ఇంజిన్ నడుస్తుండగా, బండి నాలుగు చక్రాలూ సమంగా ఉండగా, ఆయిల్ ఒక నిర్దిష్టమైన వేడి మీద ఉన్నప్పుడు. ఆ వేడి ఎంతో మాన్యువల్ చెప్తుంది. చాలా బండ్లకు 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అది చేత్తో ముట్టుకుని చెప్పేది కాదు, బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ పెట్టి చూడాలి. వేడెక్కిన ఆయిల్ వ్యాకోచించి ఎక్కువగా కనిపిస్తుంది. ఆ స్థితిలో ప్లగ్ తీస్తే ఉండాల్సింది కూడా కారిపోతుంది, చల్లారాక తక్కువ పడుతుంది. అప్పుడు కొండ మలుపులో పంపు గాలి పీలుస్తుంది, ఆయిల్ నురగ కడుతుంది, క్లచ్‌లు జారుతాయి. మరీ చల్లగా చూస్తే ఎక్కువ పోసేస్తారు, తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. ప్లగ్ నుంచి ధార తగ్గి సన్నగా, చుక్కలకు వచ్చేటప్పుడు మూసెయ్యాలి. మెకానిక్ స్కానర్ లేకుండానే చూసేస్తానంటే ఈ ఒక్క పనికి వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

బరువు లెక్క మీరు సగమే వేశారని నాకు అనుమానం. బండి 2,000 కిలోలు లాగగలదని రాశారు కాబట్టి 1,600 పరవాలేదని అనుకున్నారు. ట్రైలర్ బరువులో పదోవంతు వరకు హుక్కు మీద పడుతుంది, అంటే సుమారు 160 కిలోలు. అది మీ బండి మోసే బరువులోకే వస్తుంది. ఐదుగురు మనుషులు 320 కిలోలు, డిక్కీలో సామాను 60 అనుకుంటే మొత్తం 540. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీదా, మాన్యువల్‌లోనూ మీ బండి ఎంత మోయొచ్చో ఉంటుంది. చాలా ఎస్‌యూవీలకు ఆ అంకె ఇదే చుట్టుపక్కల ఉంటుంది, కొన్నిటికి తక్కువే. బండీ ట్రైలరూ కలిపి ఎంత ఉండొచ్చో ఇంకో అంకె కూడా ఉంటుంది. ట్రైలర్‌ను లోడుతో సహా ఒకసారి తూనికకు ఎక్కించండి. మిషన్ల బరువు మనం కంటితో వేసే అంచనాకు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. అత్తగారిని, పిల్లలను రైల్లోనో బస్సులోనో పంపిస్తే బండిలో దాదాపు 150 కిలోలు తగ్గడమే కాదు, దారిలో ఏదైనా అయితే మీ ఒక్కరి బుర్రతో మీరు ఆలోచించుకోవచ్చు. ఇది కూడా ఇంట్లో మాట్లాడుకోండి.

ఒక బండి సంగతి చెప్పాలి. ట్రైలర్ లాగుతూ కొండ ఎక్కి, పైకి చేరాక కదలని గేర్‌బాక్స్ ఒకటి నేను విప్పాను. క్లచ్ ఉక్కు ప్లేట్లు ఒక్కోటీ బల్ల మీద పేరుస్తుంటే, వాటి మీద నెమలికంఠం రంగులో నీలి మచ్చలు, గుండ్రంగా, చుట్టూ వరసగా. పక్కనుండే పూత ప్లేట్లను గోరుతో గీకితే పూత బొగ్గులా రాలిపోయింది. యజమాని ఆ కొండకు నెల ముందు ఇంజిన్ ఆయిల్ మార్పించాడు, టైర్లు మార్పించాడు. గేర్‌బాక్స్ వేడి చూపించే అంకె ఒకటి ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ నీలి మచ్చలు నేను మరిచిపోలేదు. అందుకే బండికి ఉండే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే చిన్న స్కానర్ ఒకటి పెట్టుకుని ఫోన్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూస్తూ నడపమని అందరికీ చెప్తాను. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటుంది. ఎక్కుడులో 110 వరకు పోయి, దిగాక తగ్గితే సరే. 120 దాటితే వేగం తగ్గించి ఒక గేరు కిందికి దించండి. అయినా ఎక్కుతూనే ఉంటే చోటు చూసి ఆపి, పార్కింగ్‌లో పెట్టి ఇంజిన్ నడవనివ్వండి. ఆయిల్ కూలర్ గుండా తిరుగుతుంది. వెంటనే ఆపేస్తే ఆ వేడి అక్కడే నిలిచిపోతుంది. మెకానిక్‌లు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది: 80 పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుంది. కొత్త సింథటిక్ ఆయిల్స్ దీనికంటే మెరుగే గానీ, దిశ మాత్రం అదే.

అదనపు ఆయిల్ కూలర్ బిగించుకోవచ్చా అంటే, మీ ఎక్కుడును బట్టి మంచిదే, ముఖ్యంగా ఈ ప్రయాణం తర్వాత కూడా ట్రైలర్ లాగుతారనుకుంటే. కొత్త గొట్టాలు, కొత్త క్లాంపులు అంటే కొత్త లీకులకు చోటు కూడా. బయల్దేరే వారంలో బిగించొద్దు.

నడిపే తీరు చేతిలో ఉన్న మందు. టో మోడ్ (బరువు లాగేటప్పుడు వేసుకునే సెట్టింగ్) ఉంటే వేసుకోండి, లేకపోతే గేరు లివర్‌ను మాన్యువల్ మోడ్‌లో పెట్టి గేరు పట్టి ఉంచండి. ఆరు, ఐదు, ఆరు అని గేరు ఊగిసలాడటం క్లచ్‌లకు అన్నిటికంటే చేటు. లాకప్ పట్టి ఉండే గేరులో ఇంజిన్ కాస్త ఎక్కువ తిరిగినా పరవాలేదు. గాలి నిరోధాన్ని తోసుకుపోవడానికి 80 వేగంలో పట్టే ఇంజిన్ పవర్ కంటే 100లో దాదాపు రెట్టింపు పడుతుంది, ఎత్తైన ట్రైలర్ వెనక ఉన్నప్పుడు అదంతా గేర్‌బాక్స్ మీదే. ఎక్కుడులో ట్రాఫిక్ ఆగితే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకు తొక్కండి. చేరాక కొత్త ఇంటి ముందు ట్రైలర్‌ను ఎత్తు మీదికి రివర్స్ చేసే పది నిమిషాలు కూడా జాగ్రత్త. ముందు నుంచి గాలి ఉండదు, కన్వర్టర్ జారుతూనే ఉంటుంది, దారంతా 95 దాటని అంకె అక్కడ 120కి పోవడం నేను చూశాను. రెండు నిమిషాలు చేసి, ఆగి, మళ్ళీ చేయండి.

రోజుల లెక్క ఇలా వేసుకుంటే బాగుంటుందనిపిస్తుంది. ఈ వారం స్కానర్‌తో కంప్యూటర్‌లో నమోదైన పాత లోపాల కోడ్‌లు చూసి, బ్రేక్ పెడల్ పరీక్ష చేసి, పాన్ విప్పించండి. బాగుంటే కొత్త ఆయిల్‌తో రోజూ తిరుగుతూ 300 కిలోమీటర్లు పూర్తిచేయండి. రెండో వారం చివర రెండో విడత. గేరు మార్పులు మొదట్లో కాస్త తేడాగా ఉంటే, కంప్యూటర్‌లో పాత అలవాట్లు చెరిపి కొత్తగా నేర్పించే పని స్కానర్‌తోనే అవుతుంది, అడగండి. ఆ తర్వాత ట్రైలర్ పూర్తి లోడుతో ఎత్తుపల్లాలున్న చోట ఓ 70 కిలోమీటర్లు తిప్పి, వచ్చాక బండి కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చుక్కలు చూడండి. వణుకు అప్పటికీ తగ్గకపోతే లాకప్ క్లచ్ అరిగిందనే అనుకోవాలి. లారీ మాట్లాడటానికి మీకు ఇంకా వారం ఉంటుంది.

ఇక బావగారు. నిజానికి మీ ఉత్తరంలో బరువైన సంగతి ఇదేనని నాకనిపించింది. ఆయన్ను అడగకపోతే ఏమవుతుందో చూడండి. చెప్పకుండా ఆయిల్ మార్పించి ఏదైనా అయితే "కెలకొద్దని చెప్పానా" అంటారు. మార్పించకుండా కొండ మీద ఆగిపోతే, తాను ఇచ్చిన బండిలో బావమరిది, అతని పిల్లలు రోడ్డు మీద నిలబడ్డారని ఆయనే ఎక్కువ బాధపడతారు. అడగడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఎలా అడుగుతారన్నదే. "బావగారూ, పాన్ విప్పే ముందు మెకానిక్ పాత సంగతులు అడుగుతున్నాడు. గేర్ ఆయిల్ ఎప్పుడైనా మార్పించారా? దీంతో ఎప్పుడైనా ఏమైనా లాగారా? రేడియేటర్ మార్చారా?" అని అడగండి. మెకానిక్‌కు ఆ మూడూ నిజంగానే కావాలి, కాబట్టి ఇది సాకు కూడా కాదు. మార్పించలేదు అంటే "సర్వీస్ సెంటర్ వాళ్ళు వద్దన్నారు కదా, ఎవరైనా మార్పించరు" అనండి. అది సత్యమే.

ఆయన దగ్గర్లో ఉంటే పాన్ విప్పే రోజు పిలవండి. ముప్పై ఏళ్ళు ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పిన మనిషి, ఆ అయస్కాంతం మీది పేస్టును వేలి మీద రాసుకుని చూస్తే ఆయనకు నా కంటే తొందరగా తెలుస్తుంది. దూరంలో ఉంటే ఫొటో తీసి పంపండి, ఫోన్ చేసి "బావగారూ, ఏమంటారు" అని అడగండి. ఏం కనిపించిందో, ఆయన ఏమన్నారో నాకూ రాయండి. ఆ ఫొటో చూశాక ట్రైలర్‌లో ఎంత వెయ్యాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.